రోడ్ బైకుకి రేకు మడ్గార్డు: కొనడం సులువే, బిగించడమే అసలు పని

అక్టోబరు వచ్చిందంటే చాలు, సియాటిల్ చుట్టుపక్కల సైకిలు మీద ఆఫీసుకు వెళ్ళే మనవాళ్ళ మధ్య ఒక పాత వాదన మళ్ళీ లేస్తుంది. మడ్గార్డులు ఉండాలా వద్దా అని ఎవరూ అడగరు. ఇక్కడ ఒక్క చలికాలం తొక్కితే ఆ ప్రశ్న తీరిపోతుంది. ప్లాస్టిక్‌వి కొనాలా, రేకువి కొనాలా అన్నదే తేలదు. ఈసారి వరంగల్ నుంచి వచ్చి రెడ్‌మండ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, షాపులో అడిగితే రేకువి చూడ్డానికే బాగుంటాయట. మోత పెడతాయి, ఏడాది తిరక్కుండా పగులుతాయి, ప్లాస్టిక్‌వి తీసుకో అంటున్నారు. నిజమేనా?"

ఆ షాపు మనిషి అబద్ధం చెప్పలేదు. రేకు మడ్గార్డులు మోత పెట్టడం నేనూ విన్నాను, పగలడం కళ్ళారా చూశాను. అయినా రోజూ తొక్కే రోడ్ బైకుకి, టైరుకీ ఫ్రేముకీ మధ్య సందు ఉన్నంతవరకూ, రేకువే పెట్టించమని ఎవరడిగినా చెబుతాను. మోతకీ పగుళ్ళకీ కారణం రేకులో లేదు, బిగించిన తీరులో ఉంది. ఈ సంగతి ఫోన్‌లో పావుగంటలో చెప్పడం కుదరలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

వాన కన్నా తడి రోడ్డే సమస్య

విజయవాడలో ఏడాదికి పడే వానకీ సియాటిల్‌లో పడే వానకీ లెక్కలో పెద్ద తేడా లేదు. రెండూ వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మన దగ్గర కుండపోతగా కురిసి వెలుస్తుంది, గంటా రెండు గంటల్లో రోడ్డు ఆరిపోతుంది. ఇక్కడ అదే నీళ్ళు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా తుంపర్లుగా పడుతూనే ఉంటాయి. ఎండ మొహం చూడని రోడ్డు నెలల తరబడి ఆరదు. రెయిన్‌కోటు పై నుంచి పడే నీళ్ళని ఆపుతుంది. చక్రం కింద నుంచి లేపే నీళ్ళకి దాని దగ్గర జవాబు లేదు.

గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే టైరు పైభాగం రోడ్డుతో పోలిస్తే 50 కిలోమీటర్ల వేగంతో ముందుకు వస్తుంటుంది. ముందు చక్రం పైకి తెచ్చిన నీళ్ళు ముందుకు ఎగిరి, ఎదురుగాలికి మన మొహం మీదికే వస్తాయి. కింద నుంచి లేచినవి బూట్లలోకి, పెడళ్ళ ఇరుసు మీదికి, చైను మీదికి పోతాయి. వెనక చక్రానివి వీపు మీద గీతలా పడతాయి. అందరూ తలచుకునేది ఆ వీపు మీద గీతనే. నాకు మాత్రం అది చివరి సంగతి. చొక్కా ఉతుక్కోవచ్చు. ముందు చక్రం చల్లే ఇసుక నీళ్ళు చైనునీ, హ్యాండిల్ కింది బేరింగునీ, పెడళ్ళ మధ్య ఉండే బేరింగునీ తినేస్తాయి. చలికాలమంతా మడ్గార్డు లేకుండా తిరిగిన సైకిలు చైనుని వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ వంచి చూడండి, లోపల ఇసుక కరకరలాడుతుంది.

ఇంకొకటి, మన వెనక వచ్చేవాళ్ళు. ఇక్కడ చలికాలంలో గుంపుగా తొక్కే రైడ్లలో మడ్గార్డు, దాని చివర దాదాపు నేలని తాకేంత పొడవు ఫ్లాపు లేనివాళ్ళని వరసలో చివరికి వెళ్ళమంటారు. నాకు అది న్యాయంగానే తోస్తుంది. ముందువాడి చక్రం చల్లే బురద తాగుతూ యాభై కిలోమీటర్లు ఎవరు తొక్కుతారు?

సీటు కింద ఇరికించే చిన్న ప్లాస్టిక్ ముక్కలు, రబ్బరు పట్టీలతో తగిలించే సగం మడ్గార్డులు పైన చెప్పినవాటిలో వీపు సమస్యని మాత్రమే తీరుస్తాయి. అందుకే నేను వాటిని మడ్గార్డుల లెక్కలో వెయ్యను.

రేకు ఎందుకు

ప్లాస్టిక్‌వాటిలో మంచివి ఉన్నాయి. జర్మనీకి చెందిన ఎస్‌కేఎస్ వాళ్ళవి ప్లాస్టిక్ పొరల మధ్య అల్యూమినియం రేకు పెట్టి చేస్తారు, ఏళ్ళ తరబడి పనిచేస్తాయి. కాదనను. కానీ ప్లాస్టిక్‌కి ఒక గుణం ఉంది. దాన్ని ఎలా వంచినా తన పాత వంపుకే తిరిగి పోవాలని చూస్తుంది. బిగించిన రోజు చక్రానికి సమానంగా ఉన్నది వారం తిరిగేసరికి ఒక పక్కకి ఒరిగి టైరుని రాస్తుంటుంది. ఇరుసు దగ్గర నుంచి వచ్చి దాన్ని పట్టి ఉంచే కడ్డీలు సర్దుతాం, మళ్ళీ ఒరుగుతుంది. చలికాలమంతా ఇదే పని.

రేకుని చేత్తో మెల్లగా వంచితే వంచిన చోటే ఉంటుంది. నేను రేకు వైపు మొగ్గడానికి ఇదే మూలం. మీ ఫ్రేముకీ మీ చక్రానికీ తగ్గట్టు దాని ఆకారాన్ని మార్చవచ్చు, మార్చాక అది మారదు. దేనికైనా గుద్దుకుని సొట్ట పడితే వేళ్ళతో నొక్కి సరిచేసుకోవచ్చు. మంచి సెట్లలో అంచులు లోపలికి మడిచి ఉంటాయి. లోపల పడ్డ నీళ్ళు పక్కల నుంచి కారకుండా ఆ మడతలో జారి కింద ఫ్లాపు దగ్గర దిగిపోతాయి.

ఇది కొత్త విషయం కాదు. 1930లు, 40లలో ఫ్రాన్స్‌లో దూరప్రయాణాల సైకిళ్ళు చేసిన రెనె హెర్స్, అలెక్స్ సింగర్ లాంటివాళ్ళు అల్యూమినియం మడ్గార్డులని ఫ్రేముతో పాటే లెక్కవేసి అమర్చేవాళ్ళు. పోటీ సైకిళ్ళని చూసి రోడ్ బైకుల్లో సందులు బిగుసుకుపోయాకే మడ్గార్డు తర్వాతెప్పుడో తగిలించుకునే సరుకైపోయింది. గుంటూరు జిల్లాలో మా నాన్న అట్లాస్ సైకిలుకి మడ్గార్డు సైకిలుతో పాటే వచ్చింది, ముందు దానికి రబ్బరు ఫ్లాపుతో సహా. నా సైకిలుని వీడియో కాల్‌లో చూసి ఆయన అడిగిన మొదటి మాట, "ఒరేయ్, అంత డబ్బు పోసి కొన్నావు, మడ్గార్డులు మళ్ళీ విడిగా కొనాలా?" సైకిలు కంపెనీలని అడగాల్సిన మాటే అది.

ముందు సందు కొలవండి

మడ్గార్డు ఏ కంపెనీది కొనాలన్న ప్రశ్న రెండోది. మొదట ఫ్రేములో చోటుందో లేదో చూడాలి. గాలి నిండుగా ఉన్న ముందు టైరుకీ, దాని పైనున్న ఫోర్కు (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కాళ్ళు) తలకీ మధ్య ఎంత సందుందో చూడండి. నేను పెన్సిళ్ళతో కొలుస్తాను. మామూలు పెన్సిలు మందం ఏడు మిల్లీమీటర్లు. రెండు పెన్సిళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టినా సులువుగా దూరితే రేకు మడ్గార్డుకి చోటున్నట్టే. వెనక సీటు కింది అడ్డపట్టీ దగ్గరా, పెడళ్ళ వెనక అడ్డపట్టీ దగ్గరా కూడా ఇలాగే చూడాలి. టైరుకీ రేకుకీ మధ్య కనీసం పది మిల్లీమీటర్లు మిగలాలని నా పట్టుదల. ఇంతకన్నా తక్కువైతే చిన్న రాయి వచ్చినా ఇరుక్కుంటుంది. ఇక్కడి మేపుల్ ఆకుల సంగతి చెప్పక్కర్లేదు. చెయ్యంత వెడల్పున్న తడి ఆకు లోపల చిక్కుకుంటే టైరుకి అంటుకుని దారంతా బర్రుమంటూనే ఉంటుంది.

చక్రం అంచుని నొక్కి ఆపే పాత తరహా రిమ్ బ్రేకులైతే, ఫ్రేముకి బిగించిన బోల్టు నుంచి ఆ అంచు దాకా అందే బ్రేకు చేతుల పొడవే అడ్డు. చాలా రోడ్ బైకులకి 39 నుంచి 49 మిల్లీమీటర్లు అందే పొట్టి బ్రేకులు వస్తాయి, వాటి కింద మడ్గార్డుకి చోటు దొరకడం కష్టం. 47 నుంచి 57 అందే బ్రేకులకి తగ్గట్టు చేసిన ఫ్రేమైతే 28 మిల్లీమీటర్ల టైరు, దాని మీద మడ్గార్డు పడతాయి. డిస్కు బ్రేకులు వచ్చాక ఈ అడ్డు చాలావరకు తొలగింది. డిస్కు బ్రేకుల వల్ల నాకు కలిగిన పెద్ద మేలు ఆగడంలో కన్నా ఇందులోనే ఉంది.

తమ్ముడి సైకిలు చూశాను. కార్బన్ ఫోర్కు, మడ్గార్డు కడ్డీలు తగిలించే రంధ్రాలు ఎక్కడా లేవు, టైరు పైన ఒక పెన్సిలు కూడా దూరలేదు. కార్బన్ ఫోర్కుకి రంధ్రం పెట్టే ఆలోచన ఎవరికీ రాకూడదు, దాని కాళ్ళ చుట్టూ బిగుతు పట్టీలు వెయ్యడం కూడా నాకు నచ్చదు. ఈ చలికాలానికి తగిలించుకునే ప్లాస్టిక్‌వే వాడమన్నాను. రేకు కోసం ఫ్రేముని హింసించడం కన్నా తర్వాతి సైకిలు కొనేటప్పుడు సందు చూసి కొనడం మేలు.

చోటుందని తేలాక వెడల్పు. మడ్గార్డు టైరు కన్నా కనీసం ఎనిమిది, పది మిల్లీమీటర్లు వెడల్పుండాలి. నా 32 టైర్లకి 45 వెడల్పువి వాడుతున్నాను. తర్వాత లోహం. అల్యూమినియం తేలిక, చేత్తో వంగుతుంది, రంధ్రం పెట్టడం సులువు. జపాన్ వాళ్ళ హోంజో, అమెరికాలో వెలో ఆరెంజ్ ఈ రకం. ఫ్రాన్స్‌కి చెందిన జిల్ బెర్తూ స్టెయిన్‌లెస్ స్టీలువి చేస్తుంది. అవి బరువు ఎక్కువ, డ్రిల్లుకి ఒక పట్టాన లొంగవు, కానీ అదురుని బాగా తట్టుకుంటాయి. గతుకుల దారి రోజూ తప్పనివాళ్ళకి నేను స్టీలే చెబుతాను. పైన సుత్తితో కొట్టినట్టు గుంటలుండాలా, నున్నగా ఉండాలా అన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. గుంటలున్నవాటి మీద గీతలు అంతగా కనబడవు.

ఒక పగులు కథ

మా ఆఫీసులో ఒకాయన అల్యూమినియం మడ్గార్డులు కొని ఒక షాపులో బిగించుకున్నాడు. మొదటి చలికాలం పూర్తవకముందే వెనకది సీటు కింది బోల్టు దగ్గర పగిలింది. "రేకువి ఇంతే" అని ఆయన నిర్ధారించేశాడు. విప్పడానికి నేను సాయం వెళ్ళాను. బోల్టు పక్క నుంచి అంచు దాకా సన్నటి నల్ల గీత. బోల్టు వదులు చేశానో లేదో మడ్గార్డు టప్పున ఎగిరి అడ్డపట్టీకి వేలెడు దూరం జరిగింది. అంటే ఇన్ని నెలలూ ఆ రేకుని బలవంతంగా పైకి లాగి ఒక్క బోల్టు పట్టి ఉంచింది. దానికి తోడు రంధ్రం అంచున డ్రిల్లు వదిలిన గరుకు అలాగే ఉంది, వాషరు కూడా లేదు.

అల్యూమినియానికి ఒక బలహీనత ఉంది. స్టీలైతే ఒక హద్దు లోపు అదురుని ఎన్నిసార్లైనా భరిస్తుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న చిన్న వంపులైనా లెక్కలేనన్నిసార్లు జరిగితే అలసి పగులుతుంది. అందులోనూ ముందే లాగిపెట్టి ఉన్న చోట, గరుకున్న చోట ముందుగా మొదలవుతుంది. ఇక్కడి సైకిలు దారి బర్క్-గిల్మన్ ట్రెయిల్ మీద చెట్ల వేళ్ళు తారుని పైకి లేపిన చోట్లు, సరస్సు దాటించే 520 వంతెన మీద అతుకుల దగ్గరి పలకలు రోజూ దాటే సైకిలుకి ఆ అదురు ఎంతో ఊహించుకోండి. ఆ మడ్గార్డు పగలకపోతేనే ఆశ్చర్యపోవాలి.

బిగించడం

కాబట్టి బిగించేటప్పుడు నేను పాటించే నియమం ఒక్కటే. బోల్టు రేకుని లాగకూడదు. రేకు తనంతట తాను ఉండాల్సిన చోటుకి వచ్చి నిలబడాలి, బోల్టు దాన్ని అక్కడ పట్టి ఉంచాలి, అంతే.

ముందు బోల్టులేవీ లేకుండా మడ్గార్డుని చక్రం మీద పెట్టి, కళ్ళని దాని ఎత్తుకి దించి పక్క నుంచి చూడండి. టైరుకీ రేకుకీ మధ్య సందు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉందా? వంపు బిగుతుగా ఉంటే రెండు చివర్లూ పట్టుకుని కొద్దికొద్దిగా తెరవాలి. ఒక్కసారి గట్టిగా లాగితే మధ్యలో మడత పడుతుంది, ఆ మడత ఇక పోదు. ఓపికగా, చెయ్యి మారుస్తూ, ప్రతిసారీ చక్రం మీద పెట్టి చూసుకుంటూ వంచాలి. నాకు ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, దీనికి తొందరపడను.

వెనకదాంట్లో పెడళ్ళ దగ్గరి అడ్డపట్టీ తరచుగా చక్రానికి మరీ దూరంగా ఉంటుంది. అక్కడ రేకుని అడ్డపట్టీ వైపు లాగి బిగించకుండా, మధ్యలో దిమ్మ పెట్టాలి. వైన్ సీసా బిరడాని కావలసిన మందానికి కోసి మధ్యలో రంధ్రం చేస్తే చక్కగా సరిపోతుంది. అదురుని కూడా పీల్చుకుంటుంది.

కొన్ని జపాన్ సెట్లు రంధ్రాలు లేకుండానే వస్తాయి. చాలామంది దీనికి భయపడతారు. నా మటుకు నాకు అదే నయం, ఎందుకంటే రంధ్రం ఎక్కడుండాలో మన ఫ్రేమే చెబుతుంది. రేకు వెడల్పంత కాగితం ముక్క కోసి సగానికి మడిస్తే ఆ మడతే నడిమధ్య. టేపు అతికించి గుర్తు పెట్టి, సుత్తితో చిన్న గుంట కొట్టి, లోపలి వైపు చెక్క ముక్క ఆనించి, ముందు సన్నటి బిట్టుతో, తర్వాత ఐదున్నర మిల్లీమీటర్ల బిట్టుతో తొలచాలి. ఆ తర్వాత రంధ్రం అంచుని రెండు వైపులా నున్నగా అరగదియ్యాలి. వేలితో తడిమితే ఏమీ తగలకూడదు. ఆ నల్ల గీత మొదలయ్యేది ఈ గరుకు దగ్గరే.

రేకు ఫ్రేముకి తగిలే ప్రతి చోటా తోలు వాషరో రబ్బరు వాషరో వెయ్యండి. పాత బెల్టు నుంచి కోసుకున్నా చాలు. రేకు మీద రేకు పడితేనే మోత. బోల్టుల మరలకి మరీ గట్టిగా పట్టనిరకం లాకింగ్ జిగురు ఒక్కో చుక్క. ఇరుసు దగ్గర నుంచి వచ్చే కడ్డీలని మాత్రం అన్నీ సరిపోయాక, చిట్టచివర కొయ్యాలి. డిస్కు బ్రేకు ఉన్న వైపు కడ్డీ దానికి తగలకుండా దిమ్మ పెట్టో, కొద్దిగా వంచో దారి చెయ్యాలి. కోసిన చివర్లని అరగదియ్యకపోతే పిక్కలు గీసుకుపోతాయి. ఆఖరున ఫ్లాపు. ముందు మడ్గార్డు ఎంత మంచిదైనా, కింద నేలకి జానెడులోపు దిగే ఫ్లాపు లేకపోతే బూట్లు తడుస్తాయి.

వంద కిలోమీటర్లు తొక్కాక అన్ని బోల్టులూ ఒకసారి చూడాలి. ఆ తర్వాత చలికాలమంతా వాటి జోలికి వెళ్ళే అవసరం రాకూడదు. వస్తోందంటే ఎక్కడో రేకు లాగి ఉందని అర్థం.

నన్ను వదలని సందేహాలు

మా నాన్న ఇంకొకటి కూడా గుర్తుచేశారు. నల్లరేగడిలో వాన పడ్డాక సైకిలు తొక్కినవాళ్ళకి తెలుసు, మట్టి టైరుకి అంటుకుని మడ్గార్డులో మేట వేసి చక్రాన్ని తిరగనివ్వదు. కర్రపుల్లతో గోకి, నాలుగు అడుగులు నడిపించి, మళ్ళీ గోకి, చివరికి సైకిలుని భుజానికెత్తుకుని రోడ్డెక్కేవాళ్ళు. అలాంటి మట్టిదారి మీద మడ్గార్డు లేకపోవడమే మేలన్నది నిజం. నా వాదన తారురోడ్డుకే వర్తిస్తుంది. మట్టిదారి తగిలే ఊళ్ళో ఉంటే సందుని పది నుంచి ఇరవై మిల్లీమీటర్లకి పెంచాలి, లేదా ఆ నెలల్లో విప్పెయ్యాలి.

బూటు ముందు భాగం మడ్గార్డుకి తగలడం మరొకటి. మనలో చాలామందికి చిన్న ఫ్రేములే సరిపోతాయి. వాటిలో పెడలుకీ ముందు చక్రానికీ మధ్య అసలే దూరం తక్కువ, మడ్గార్డు ఇంకో ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు తినేస్తుంది. వేగంలో హ్యాండిల్ అంతగా తిప్పం కాబట్టి ఇబ్బంది లేదు. సిగ్నలు దగ్గర మెల్లగా మలుపు తిరిగేటప్పుడు మాత్రం బూటు రేకుని తన్నుతుంది. అలవాటు పడొచ్చు, కానీ కొత్తవాళ్ళకి ముందే చెప్పడం న్యాయం.

అన్నిటికన్నా బరువైన సందేహం భద్రత గురించి. ముందు చక్రానికీ మడ్గార్డుకీ మధ్య పుల్ల ఇరుక్కుని, మడ్గార్డు మడతపడి చక్రం ఆగిపోతే మనిషి హ్యాండిల్ మీదుగా పడతాడు. అందుకే ఎస్‌కేఎస్ లాంటివాళ్ళు ముందు కడ్డీలకి గట్టిగా లాగితే ఊడిపోయే క్లిప్పులు పెట్టారు. చాలా రేకు సెట్లలో కడ్డీలు బోల్టుతో గట్టిగా ఉంటాయి, ఊడవు. రేకు దృఢంగా ఉంటుంది కాబట్టి ప్లాస్టిక్‌లా సులువుగా మడతపడదని కొందరంటారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. నేను మాత్రం దాని మీదే ఆధారపడను. ముందు వైపు సందు వెనక కన్నా ఎక్కువ ఉంచుతాను, గాలివాన తర్వాత కొమ్మలు రాలిన దారిలో వేగం తగ్గిస్తాను. ఊడే క్లిప్పుల విషయంలో ప్లాస్టిక్‌దే పైచెయ్యి అని ఒప్పుకోవాలి.

ఇక ప్రయాణం. సైకిలుని పెట్టెలో పెట్టి విమానంలో తీసుకెళ్ళాలంటే రేకు మడ్గార్డు తలనొప్పి. వెనక చక్రం తీసినా ఆ పొడవాటి రేకు బయటికి పొడుచుకుని ఉంటుంది, వంగితే మన పనంతా పోతుంది. జపాన్‌లో సైకిలుని సంచిలో వేసుకుని రైలెక్కేవాళ్ళు దీనికి ఉపాయం కనిపెట్టారు. వెనక మడ్గార్డుని రెండు ముక్కలుగా చేసి, అతుకు దగ్గర ఒక బోల్టుతో కలుపుతారు. కింది సగం విప్పి సంచిలో పడేస్తే చాలు. నా మడ్గార్డుకి ఇదే చెయ్యాలనుంది. సీటు కింది అడ్డపట్టీకి కాస్త వెనక కోసి, లోపల చేతివెడల్పు అల్యూమినియం పట్టీ పెట్టి, మూడు బోల్టులు వెయ్యాలన్నది లెక్క. అతుకు దగ్గర రేకు బలహీనపడుతుందేమో అన్నదొక్కటే అనుమానం. అందుకని ముందు పాత మడ్గార్డు ఒకటి కోసి, వేళ్ళు లేచిన ఆ ట్రెయిల్ మీద చలికాలమంతా నడిపి చూస్తాను. ఎవరైనా ఇప్పటికే చేసి ఉంటే పట్టీ మందం ఎంత పెట్టారో, అతుకు ఎక్కడ వేశారో చెప్పండి.